పియర్ చుట్టూ ఏటి ప్రవాహం: మూడు మెష్‌లు మూడు జవాబులిస్తే ఏది నమ్మాలి?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. గుణుపూర్ దిగువన వంశధార మీద ఒక వంతెన పియర్ (నీటిలో నిలిచే స్తంభం) చుట్టూ ప్రవాహాన్ని ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహ గణన సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేట్ చేస్తున్నారు. నీటి లోతు 2 మీటర్లు, సగటు వేగం సెకనుకు 1.5 మీటర్లు. పియర్ వెడల్పు 2 మీటర్లు, ముక్కు గుండ్రం. ఏటి ఇసుకను జల్లెడ పడితే మధ్యస్థ రేణువు 0.8 మిల్లీమీటర్లు వచ్చింది. టర్బులెన్స్‌కి, అంటే నీటి అలజడికి, కె-ఒమేగా ఎస్‌ఎస్‌టీ అనే మోడల్ వాడారు (కె అలజడి శక్తి, ఒమేగా అది కరిగే రేటు). ఏటి అడుగుకు, పియర్‌కు మామూలు వాల్ ఫంక్షన్ పెట్టారు, అంటే గోడ పక్క సన్నటి పొరని విడిగా లెక్కించకుండా సూత్రంతో సరిపెట్టేది. మూడు మెష్‌లు (నీటిని సెల్‌లనే చిన్న గళ్లుగా విడగొట్టే వలలు) వేశారు. అడుగున మొదటి సెల్ ఎత్తు ఒకదాంట్లో 8 మిల్లీమీటర్లు, రెండోదాంట్లో 0.36, మూడోదాంట్లో 0.03. పియర్‌కి బాగా ఎగువన, ప్రవాహానికి ఏ అడ్డూ లేని చోట, అడుగు మీద షియర్ (నీరు అడుగుని ఒరుసుకుంటూ లాగే బలం, చదరపు మీటరుకి) వరసగా 2.3, 1.8, 2.2 పాస్కల్స్ వచ్చింది. మెష్ సన్నబడేకొద్దీ జవాబు ఒకచోట కుదురుకోవాలి గానీ ఇలా దిగి మళ్లీ ఎక్కుతుందేమిటి, వీటిలో ఏది నమ్మాలి అని అడిగారు.

మూడింటిలో ఏదీ నమ్మొద్దు. మొదటిదీ మూడోదీ దగ్గరగా వచ్చాయి కాబట్టి అవే సరి అనుకునే ప్రమాదం ఉంది. ఆ రెండూ నున్నటి గాజు పలక మీద పారే నీటికి సరైన జవాబులు. మీ అడుగున ఉన్నది ఇసుక.

కాగితం మీద ఒక లెక్క వేసి చూడండి. ఇసుక అడుగుకి గరుకు ఎత్తు మధ్యస్థ రేణువుకి రెండున్నర రెట్లు అని తీసుకోవడం వాడుక, అంటే మీకు 2 మిల్లీమీటర్లు. షియర్ వెలాసిటీ, అంటే యూ స్టార్, కావాలంటే సగటు వేగాన్ని 2.44 × సహజ లాగ్ (11 × లోతు ÷ గరుకు ఎత్తు) తో భాగించాలి. 11 × 2 ÷ 0.002 అంటే 11,000. దాని లాగ్ 9.3. దాన్ని 2.44తో గుణిస్తే 22.7. 1.5ని 22.7తో భాగిస్తే 0.066 మీటర్లు సెకనుకు. దాని వర్గాన్ని నీటి సాంద్రతతో గుణిస్తే 4.4 పాస్కల్స్. మీ మూడు రన్‌లూ ఇచ్చినదానికి ఇది దాదాపు రెట్టింపు. నున్నటి అడుగు సూత్రంతో ఇదే లెక్క వేస్తే యూ స్టార్ 0.048, షియర్ 2.3 వస్తుంది. మీ మొదటి మెష్ ఇచ్చింది సరిగ్గా అదే. అంటే సాల్వర్ (సమీకరణాలు సాధించే ప్రోగ్రాం) పని సాల్వర్ బాగానే చేసింది. గోడ ఎలాంటిదో దానికి మనం చెప్పలేదు.

ఇప్పుడు ఆ మధ్యలో దిగడం సంగతి. గోడ దగ్గర దూరాన్ని మిల్లీమీటర్లలో కాక వై ప్లస్‌లో కొలుస్తాం. దూరాన్ని యూ స్టార్‌తో గుణించి నీటి స్నిగ్ధతతో భాగిస్తే వచ్చేది అది. ఎండాకాలపు ఏటి నీరు 30 డిగ్రీలుంటే స్నిగ్ధత సెకనుకు 0.8 చదరపు మిల్లీమీటర్లు. పుస్తకాల్లో కనిపించే 1.0 అన్నది 20 డిగ్రీల నీటిది. మన ఏళ్లకు ఆ అంకె పెడితే వై ప్లస్ అయిదో వంతు తక్కువ చూపిస్తుంది. ఇంకొక్కటి: ఓపెన్‌ఫోమ్‌లో వేగం సెల్ నడిమధ్యన ఉంటుంది. వై ప్లస్‌కి సెల్ ఎత్తులో సగమే తీసుకోవాలి. ఈ సగం మర్చిపోయినవాళ్లే ఎక్కువ.

ఆ లెక్కన నున్నటి అడుగు మీద మీ మెష్‌ల వై ప్లస్ వరసగా 240, 11, 0.9. గోడనుంచి వై ప్లస్ 5 దాకా స్నిగ్ధతదే రాజ్యం, అక్కడ వేగం దూరంతో పాటు సూటిగా పెరుగుతుంది. 30 దాటాక లాగ్ నియమం, అంటే వేగం దూరపు లాగ్‌తో పాటు పెరుగుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న బఫర్ పొరలో రెండూ పనిచేయవు. మీ రెండో మెష్ మొదటి సెల్ సరిగ్గా అక్కడే పడింది. వై ప్లస్ 11 దగ్గర అసలు వేగం, స్పాల్డింగ్ 1961లో ఇచ్చిన ఏకసూత్రం ప్రకారం, యూ స్టార్‌కి 8.75 రెట్లు. మామూలు వాల్ ఫంక్షన్ మాత్రం ఒక గీత గీసి, దానికి ఇవతల సూటి నియమం, అవతల లాగ్ నియమం అంటుంది. ఓపెన్‌ఫోమ్‌లో ఆ గీత 11.5 దగ్గర ఉంది. కాబట్టి 11 దగ్గర అది వేగం 11 రెట్లు ఉండాలనుకుంటుంది. పైనుంచి వచ్చే వేగం మారదు కనక, అదే వేగానికి షియర్‌ని 20 శాతం తక్కువ కడుతుంది. 2.3లో 20 శాతం తీసేస్తే 1.8. మీ అంకె అదే.

అందుకని వాల్ ఫంక్షన్ ఉన్న చోట మెష్ పరీక్ష వేరుగా చేయాలి. గోడ పక్క సెల్ అన్నది ఇక్కడ మెష్‌లో భాగం కాదు, మోడల్‌లో భాగం. 1974లో లాండర్, స్పాల్డింగ్ ఈ పద్ధతిని పెట్టినప్పుడే మొదటి సెల్ లాగ్ పొరలో ఉంటుందన్న షరతు మీద పెట్టారు. దాన్ని కిందికి జరిపిన ప్రతిసారీ మీరు మోడల్‌నే మారుస్తున్నారు. మొదటి సెల్ ఎత్తుని కదపకుండా ఉంచి, మిగతా మెష్‌ని మాత్రం అన్ని దిక్కులా 1.3 నుంచి 1.5 రెట్లు సన్నం చేస్తూ మూడు రన్‌లు తీయండి. అప్పుడు కుదురుకుంటుంది. కుదురుకోకపోతే తప్పు వేరేచోట ఉంది. మొదటి సెల్ ప్రభావం తెలుసుకోవాలంటే దానికి విడిగా ఇంకో వరస రన్‌లు, అవీ లాగ్ పొర లోపలే.

గరుకు అడుగుకి వస్తే, మీ మూడో మెష్‌ని పక్కన పెట్టేయాల్సిందే. ఆ మెష్‌లో మొదటి సెల్ ఎత్తు 0.03 మిల్లీమీటర్లు. ఇసుక రేణువు దానికి 27 రెట్లు. రేణువుల మధ్య సందుల్లో గీసిన అంత సన్నటి సెల్‌లో ఏ నున్నటి పొరా ఉండదు, కొలవడానికి అక్కడ ఏమీ లేదు. గరుకు ఎత్తుని కూడా యూ స్టార్‌తో గుణించి స్నిగ్ధతతో భాగిస్తే మీకు 165 వస్తుంది. గొట్టాల లోపల ఇసుక అంటించి నికురాడ్సే 1933లో చూపిన హద్దు 70. అది దాటితే పూర్తి గరుకు, స్నిగ్ధతకి పాత్రే ఉండదు. అలాంటి అడుగు మీద మొదటి సెల్ మధ్యబిందువు గరుకు ఎత్తుకి పైన ఉండి తీరాలి. మీ 8 మిల్లీమీటర్ల సెల్ మధ్యబిందువు 4 మిల్లీమీటర్ల దగ్గర ఉంది, గరుకు ఎత్తు 2. చాలు. మీరు ముతక అనుకుని పక్కకి నెట్టిన మొదటి మెష్ అడుగే ఈ పనికి సరైనది. సెల్‌ల సంఖ్య కూడా కలిసొస్తుంది: 0.03 నుంచి 1.2 చొప్పున పెంచుకుంటూ 50 మిల్లీమీటర్లకి చేరాలంటే 41 పొరలు కావాలి, 8 నుంచి అయితే 10.

ఓపెన్‌ఫోమ్‌లో అడుగు ప్యాచ్‌కి (మెష్ హద్దులో ఆ భాగానికి) నట్-కె-రఫ్-వాల్-ఫంక్షన్ పెట్టండి. అందులో రెండు అంకెలడుగుతుంది, కె-ఎస్ అనే గరుకు ఎత్తు, సి-ఎస్ అనే గుణకం. ఉదాహరణ కేసుల్లో సి-ఎస్ 0.5 అని ఉంటుంది, అందరూ అదే కాపీ చేస్తారు. అక్కడ ఒక చిక్కుంది. పూర్తి గరుకులో ఈ ఫంక్షన్ లాగ్ లోపలి గుణకం 9.8ని, సి-ఎస్, పైన 165 అని వచ్చిన గరుకు రేనాల్డ్స్ సంఖ్యల లబ్ధంతో భాగిస్తుంది. నికురాడ్సే ఇసుక గరుకుకి సరిపోవాలంటే ఆ భాగహారంలో 30కి దగ్గరగా రావాలి. 9.8ని 0.5తో భాగిస్తే 20 లోపే ఆగుతుంది. అంటే 2 మిల్లీమీటర్లు, 0.5 అని పెడితే సాల్వర్ దృష్టిలో మీ అడుగు 3 మిల్లీమీటర్ల గరుకు. షియర్ సుమారు 10 శాతం ఎక్కువొస్తుంది. సి-ఎస్‌ని 0.33 చేయండి, లేదా 0.5 అలాగే ఉంచి కె-ఎస్‌ని 1.3 మిల్లీమీటర్లు చేయండి. రెండూ ఒకటే.

ఇంతటితో 4.4 వస్తుంది. అయితే ఏరు అంత తేలిగ్గా వదలదు. వరద నీటిలో ఇసుక అడుగు చదునుగా ఉండదు, అలల్లా దిబ్బలు కడుతుంది. ఇసుక ఏళ్లకి మానింగ్ గుణకం (ఏటి మొత్తం నిరోధాన్ని చెప్పే అంకె) 0.025 దగ్గర తీసుకోవడం మామూలు. దానితో మీ లోతుకీ వేగానికీ వాలు లెక్క వేస్తే 10,000కి 5.6 వస్తుంది, మొత్తం షియర్ 11 పాస్కల్స్. రేణువుల గరుకుకి వచ్చేది 4.4 అయితే మిగతా 6.6 ఆ దిబ్బల ముందూ వెనకా ఒత్తిడి తేడాలకి పోతోందని అర్థం. 11 పాస్కల్స్‌కి సరిపడా గరుకు ఎత్తు వెనక్కి లెక్క కడితే 62 మిల్లీమీటర్లు తేలుతుంది.

ఈ రెంటిలో మీ ఏటికి ఏది నిజమో పుస్తకం చెప్పలేదు, ఆటో లెవెల్ (మట్టం కొలిచే సర్వే పరికరం) చెప్తుంది. మలుపులూ ఇసుక మేటలూ గెడ్డ కలిసే చోటూ లేకుండా సూటిగా ఉన్న 500 మీటర్లు చూసుకోండి. రెండు చివర్లా గట్టు పక్కన నీటి మట్టం ఒకే సమయంలో తీయండి. రేణువుల గరుకు ఒక్కటే అయితే 500 మీటర్లకి మట్టం 11 సెంటీమీటర్లు దిగుతుంది. దిబ్బలు కూడా ఉంటే 28. ఈ తేడా ఆటో లెవెల్‌కి హాయిగా దొరుకుతుంది. ఒక జాగ్రత్త: లాంజిగఢ్ వైపు కొండల్లో వాన పడ్డాక ఏరు గంటల్లో పొంగుతుంది. పొంగే నీటిలో తీసిన వాలు నిలకడ ప్రవాహపు వాలు కాదు. మట్టం రెండు మూడు గంటలు కదలకుండా ఉన్నప్పుడే తీయండి. కింద హిరమండలం వైపు అయితే గొట్టా బ్యారేజీ నిలవ నీటి ప్రభావం చేరని చోటు ఎంచుకోండి.

28కి దగ్గరగా వచ్చిందనుకోండి. అప్పుడు అడుగంతా 62 మిల్లీమీటర్ల గరుకు పెట్టేద్దామంటే కుదరదు. మొదటి సెల్ మధ్యబిందువు 62 దాటాలి, అంటే సెల్ ఎత్తు 125 మిల్లీమీటర్లు. పియర్ మొదట్లో చుట్టుకునే గుర్రపునాడా సుడి ఆ ఒకటి రెండు సెల్‌లలో కలిసిపోతుంది. నా సలహా ఇది: లోపలికొచ్చే వేగపు రూపాన్ని 62 మిల్లీమీటర్ల గరుకుతో తయారు చేసుకోండి, ఎందుకంటే ఎగువ ప్రవాహం అనుభవించేది మొత్తం నిరోధాన్ని. పియర్ నుంచి దాని వెడల్పుకి మూడు రెట్ల వ్యాసార్థం లోపల మాత్రం రేణువుల గరుకు 2 మిల్లీమీటర్లు పెట్టండి. ఇసుకని కదిలించే షియర్ రేణువుల వాటాయే. పైగా కోత పడే చోట దిబ్బలు నిలవవు. గరుకు మారిన గీత దగ్గర కొత్త పొర ఒకటి మొదలవుతుంది, ఆ గీతకి వెంటనే దిగువన వచ్చే షియర్‌ని ఫలితాల్లో రాయకండి.

పియర్‌ని పెట్టే ముందు ఖాళీ కాలువ పరీక్ష చేయండి. ఇది దాటవేసిన ఏ కేసునీ నేను చూడను, చూడమని ఎవరికీ చెప్పను. పొడవులోనూ వెడల్పులోనూ ఒక్కొక్క సెల్, ఎత్తులో మీ అసలు మెష్ పొరలే ఉన్న ఒక నిలువు స్తంభం గీయండి. ముందూ వెనకా సైక్లిక్ (వెనక నుంచి పోయింది మళ్లీ ముందు నుంచి రావడం), పైన స్లిప్ (రాపిడి లేని హద్దు), కింద గరుకు గోడ. సగటు వేగం 1.5 ఉండేలా నీటిని తోసే మీన్-వెలాసిటీ-ఫోర్స్ పెట్టండి. మామూలు ల్యాప్‌టాప్ మీద నిమిషాల్లో అయిపోతుంది. కుదురుకున్నాక అది ప్రకటించే తోపు విలువని లోతుతో గుణిస్తే అడుగు షియర్‌ని సాంద్రతతో భాగించినంత రావాలి. 2 మిల్లీమీటర్ల గరుకుకి తోపు 0.0022, దాన్ని 2తో గుణిస్తే 0.0044. ఇవి సరిపోకపోతే అసలు కేసు మొదలుపెట్టకండి. సరిపోతే ఆ స్తంభంలోని వేగం, కె, ఒమేగా మూడింటినీ కలిపి ఇన్‌లెట్‌కి (నీరు లోపలికొచ్చే హద్దుకి) తీసుకెళ్లండి. వేగం ఒక్కటే తీసుకెళ్లి కె-కి టర్బులెన్స్ ఇంటెన్సిటీ 5 శాతం అని ఒక అంకె పారేస్తే, పియర్ దగ్గరికి చేరేసరికి ప్రవాహపు రూపం మారిపోతుంది, అడుగు షియర్ దారి పొడవునా జారుతూ పోతుంది. అడుగు దగ్గర కె విలువ యూ స్టార్ వర్గాన్ని 0.3తో భాగించినంత ఉండాలి. మీకు అది 0.0145.

ఆ తర్వాత పియర్ లేకుండా పూర్తి పొడవు మెష్‌ని ఒకసారి నడిపి, ఇన్‌లెట్ నుంచి అవుట్‌లెట్ దాకా అడుగు షియర్ గీత గీయండి. 2 శాతానికి మించి జారితే ఇన్‌లెట్ సరిపోలేదు.

మెష్ గురించి. మీరు స్నాపీ-హెక్స్-మెష్ అనే మెష్ సాధనంతో పొరలు వేశారని రాశారు. పియర్ గోడ ఏటి అడుగుని కలిసే మూలలో స్నాపీ పొరలు నలిగిపోతాయి లేదా మాయమవుతాయి, గుర్రపునాడా సుడి కూర్చునే చోటు కూడా అదే. లాగ్ ఫైల్ చివర్లో ప్యాచ్‌ల వారీగా ఎన్ని పొరలు పడ్డాయో, అడిగిన మందంలో ఎంత శాతం వచ్చిందో పట్టిక ఉంటుంది. సగటు 95 శాతం ఉన్నా ఆ మిగిలిన 5 శాతం ఎక్కడుందో ఫలితాలు బొమ్మగా చూపే పారావ్యూలో చూడాలి. దాదాపు ప్రతిసారీ మూలలోనే ఉంటుంది. ఫీచర్ యాంగిల్ పెంచితే కొంత నయం. అసలు నిట్టనిలువు పియర్‌కీ చదును అడుగుకీ స్నాపీ అవసరమే లేదు. పైనుంచి చూస్తే కనిపించే రూపాన్ని పియర్ చుట్టూ చతుర్భుజాలతో, దానికి ఒరుసుకుంటూ వలయాలుగా గీసి, ఆ గీతని నిలువుగా సాగదీయండి. మూలలో కూడా పొరలు చెక్కుచెదరవు. అడుగు కోసిన గుంట రూపంతో చేయాల్సి వచ్చినప్పుడు కూడా ఇదే మెష్‌ని కిందికి వంచుకోవచ్చు.

సుడి మందం పియర్ వెడల్పులో అయిదో వంతు చుట్టూ ఉంటుందనుకుని, దాని అడ్డంగా 15 నుంచి 20 సెల్‌లు పెట్టండి. మీకు 40 సెంటీమీటర్లకి ఒక్కో సెల్ 2 నుంచి 2.7 సెంటీమీటర్లు. పియర్ ముక్కుకి ముందు ఒక వెడల్పు దూరం దాకా ఈ సన్నం ఉండాలి. పొరల పెరుగుదల 1.2 దాటకూడదు. మెష్ నాణ్యత చూసే చెక్-మెష్‌లో నాన్-ఆర్థోగనాలిటీ (సెల్‌ల ఒరుగు కోణం) 70 డిగ్రీల లోపు, అంతకు మించితే కరెక్టర్లు ఒకటి రెండు. వేగానికి మొదటి తరగతి అప్‌విండ్ స్కీమ్ (సెల్‌ల మధ్య విలువలు అంచనా వేసే పద్ధతి) పెట్టి కన్వర్జ్ అయిందని సంబరపడకండి. సుడిని అది కరిగించేస్తుంది, షియర్ మ్యాప్ నున్నగా అందంగా వస్తుంది, తప్పుగా వస్తుంది. వేగానికి లీనియర్-అప్‌విండ్, కె, ఒమేగాలకి లిమిటెడ్-లీనియర్ వాడండి. మొదట్లో ఆగిపోతుంటే అప్‌విండ్‌తో కొన్ని వందల ఇటరేషన్లు నడిపి, ఆ ఫలితం మీదనుంచి మార్చండి. రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో మిగిలే తేడాలు) పడిపోయాయా అన్నది చాలదు. పియర్ ముందు మూడు నాలుగు బిందువుల్లో అడుగు షియర్‌ని ఇటరేషన్ల వెంట గీత గీసుకుని అది నిలిచిందా అన్నది చూడండి.

ఇప్పుడు మూడు కొలతల ప్రవాహంలో మాత్రమే వచ్చే ఇబ్బంది. చాలామంది వై ప్లస్ దగ్గరే ఆగిపోతారు కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను. పియర్‌ని సమీపించే నీటికి ఎదురు ఒత్తిడి తగులుతుంది. పైన వేగంగా వచ్చే నీరు ఆ ఒత్తిడిని తట్టుకుని కొంచెమే పక్కకి తిరుగుతుంది. అడుగున మెల్లగా వచ్చే నీటికి ఆ బలం లేదు. అది బాగా పక్కకి మళ్లుతుంది, ముక్కు ఎదురుగా అయితే వెనక్కే తిరుగుతుంది. అందువల్ల ఒకే చోట అడుగునుంచి పైకి వెళ్తుంటే వేగం పరిమాణంతో పాటు దిక్కు కూడా మారుతుంది. వాల్ ఫంక్షన్‌కి ఈ సంగతి తెలియదు. మొదటి సెల్‌లో వేగం ఏ దిక్కున ఉంటే అడుగు మీద షియర్ కూడా అదే దిక్కున ఉందని రాసేస్తుంది. లాగ్ నియమం కూడా ఒత్తిడి మార్పు లేని, దిక్కు మారని పొరకి పుట్టినది. పరిమాణంలో తప్పు కంటే దిక్కులో తప్పు ఇసుక లెక్కల్ని ఎక్కువగా చెడగొడుతుంది, ఎందుకంటే ఇసుక ఎటు పోతుందో చెప్పేది దిక్కే.

దీన్ని పట్టుకోవడం తేలిక. పియర్ ముక్కు నుంచి రెండు పక్కలకీ 45 డిగ్రీల కోణంలో, అర వెడల్పు దూరంలో, ఒక నిలువు గీత తీసుకుని కింది ఆరు సెల్‌లలో వేగం దిక్కుని డిగ్రీల్లో రాయండి. మొదటి సెల్‌కీ మూడో సెల్‌కీ మధ్య 10 డిగ్రీల కన్నా ఎక్కువ తిరిగితే మొదటి సెల్ అక్కడ మందం ఎక్కువైనట్టే. అప్పుడు గరుకు ఎత్తు అనుమతించినంత వరకు, అంటే మీకు 5 మిల్లీమీటర్ల దాకా, సెల్‌ని తగ్గించి మళ్లీ చూడండి. అంతకన్నా కిందికి పోలేరు. అప్పుడు ఆ మిగిలిన తిరుగుడుని ఫలితంలో అనిశ్చితిగా రాయాలి, దాచకూడదు. ఇక పక్కలకి వేగం పెరిగే చోట షియర్ ఎగువ విలువకి చాలా రెట్లు అవుతుంది. గుండ్రటి స్తంభాల చుట్టూ కొలిచినవాళ్లకి గరిష్ఠంగా 10 రెట్ల చుట్టుపక్కల వచ్చింది. అక్కడ యూ స్టార్ మూడింతలు, వై ప్లస్ కూడా మూడింతలై 1,000 దగ్గరికి పోతుంది, స్థానిక పొర మాత్రం సన్నగా ఉంటుంది. కాబట్టి వై ప్లస్‌ని ఎగువ కాలువలో కాదు, అక్కడ తనిఖీ చేయాలి.

నిలకడ రన్ సరిపోతుందా అని కూడా అడిగారు. సగటు షియర్ మ్యాప్‌కి సరిపోతుంది. గుర్రపునాడా సుడి నిజానికి ఒకచోట నిలవదు. రెండు స్థితుల మధ్య ముందుకీ వెనక్కీ ఊగుతుందని డెవెన్‌పోర్ట్, సింప్సన్ 1990లో కొలిచి చూపారు. నిలకడ ర్యాన్స్ (అలజడిని సగటు చేసి మోడల్‌తో లెక్కించే పద్ధతి, మీరు వాడిందీ అదే) దాన్ని ఒకే సగటు సుడిగా చూపిస్తుంది, షియర్ హెచ్చుతగ్గులు ఇవ్వదు.

అలాగని గోడ దాకా ఎల్‌ఈఎస్ (పెద్ద సుడులని నేరుగా లెక్కించే పద్ధతి) చేద్దామన్న ఆలోచన ఈ రేనాల్డ్స్ సంఖ్య (జడత్వానికీ స్నిగ్ధతకీ నిష్పత్తి) దగ్గర మానుకోండి. నున్నటి అడుగు అనుకున్నా, ప్రవాహం దిశలో 50, అడ్డంగా 20 గోడ యూనిట్ల (వై ప్లస్ కొలతే) సెల్‌లు కావాలి. మీకు అవి 0.8, 0.33 మిల్లీమీటర్లు. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అడుగు మీద ఒక్క పొరకే 75 కోట్ల సెల్‌లు. కాలేజీ వర్క్‌స్టేషన్ సంగతి వదిలేయండి, పెద్ద క్లస్టర్లకి కూడా అది బరువే. మధ్యేమార్గంగా చాలామంది గోడ దగ్గర ర్యాన్స్, దూరాన ఎల్‌ఈఎస్ వాడే డీఈఎస్‌కి వెళ్తారు, అక్కడ ఏటికి ప్రత్యేకంగా ఒక గొయ్యి ఉంది. విమానం రెక్క మీద సరిహద్దు పొర పల్చగా ఉంటుంది, దాన్ని ర్యాన్స్ చూసుకుంటుంది. ఏటిలో 2 మీటర్ల లోతంతా సరిహద్దు పొరే. 5 సెంటీమీటర్ల సెల్‌లు వేస్తే 1997 నాటి మూల డీఈఎస్ అడుగునుంచి సెల్ పరిమాణానికి 0.65 రెట్లు, అంటే 3 సెంటీమీటర్లు దాటగానే ఎల్‌ఈఎస్‌గా మారిపోతుంది. ఇన్‌లెట్ నుంచి నిజమైన అలజడి ఏదీ రావడం లేదు కనక మోడల్ ఇచ్చే షియర్ తగ్గిపోతుంది, దాన్ని భర్తీ చేసే సుడులూ లేవు. అడుగు షియర్ ఎగువనే పడిపోతుంది, లేని చోట ప్రవాహం విడిపోయినట్టు కనిపిస్తుంది. డీఈఎస్‌ని మెరుగుపరిచిన ఐడీడీఈఎస్ వాడి, ఇన్‌లెట్‌లో సింథటిక్ (కృత్రిమ) టర్బులెన్స్ ఇస్తేనే ఆ దారి పట్టండి. ఎంటెక్ ప్రాజెక్టుకి ముందు ర్యాన్స్ గట్టిగా చేయడమే మంచిది.

నీటి పైభాగాన్ని కదలని మూతలా తీసుకున్నారు. మీ ఫ్రూడ్ సంఖ్య (నీటి వేగానికీ అల వేగానికీ నిష్పత్తి) 0.34. మూత పద్ధతి 0.2 లోపు నిశ్చింతగా వాడొచ్చు. మీ వేగానికి ముక్కు ఎదుట నీరు 11 సెంటీమీటర్లు లేస్తుంది, లోతులో 6 శాతం. మొదటి రన్‌లకి పరవాలేదు, చివరి రన్ ఒకటి మాత్రం నీటి పైభాగాన్ని కదలనిచ్చే ఇంటర్‌ఫోమ్‌తో చేసి తేడా చూపండి.

ఫలితాలు తీసేటప్పుడు ఒక మాట. ఇన్‌కంప్రెసిబుల్ సాల్వర్లలో వాల్-షియర్-స్ట్రెస్ ఇచ్చేది పాస్కల్స్ కాదు, సాంద్రతతో భాగించిన విలువ. 0.0044 అని కనిపిస్తే దాన్ని 996తో గుణించాలి. పైగా చాలా వెర్షన్లలో బాణాలు ప్రవాహానికి ఎదురు దిక్కున వస్తాయి. ఆ బాణాలతో ఇసుక దిక్కు లెక్క కడితే గుంట పియర్‌కి వెనక పడుతుంది.

చివరగా, మీ గైడ్ గారు ఈ మ్యాప్ నుంచి కోత లోతు చెప్పమన్నారని రాశారు. దీన్నుంచి రాదు. 0.8 మిల్లీమీటర్ల ఇసుక కదలడానికి 0.4 పాస్కల్స్ చాలు, మీ ఏటిలో రేణువుల మీదే 4.4 ఉంది. అంటే అడుగంతా కదులుతూనే ఉంది, ఎగువనుంచి వచ్చే ఇసుక గుంటని పూడుస్తూ కూడా ఉంటుంది. ఇసుక రవాణా మోడల్, కదిలే మెష్ లేకుండా లోతు తేలదు. పునాది లోతుకి మన దేశంలో వంతెనల డిజైన్ ఐఆర్‌సీ 78 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వంతెన పునాదుల కోడ్) ప్రకారం కోత లోతు చెప్పే లేసీ సూత్రంతోనే చేస్తారు, మీ రిపోర్టులో ఆ లెక్క పక్కన పెట్టండి. మీటరు వెడల్పుకి ప్రవాహం సెకనుకు 3 ఘనపు మీటర్లు, రేణువు పరిమాణాన్ని బట్టి వచ్చే సిల్ట్ ఫ్యాక్టర్ 1.76 × √0.8 = 1.57. సగటు కోత 1.34 × (9 ÷ 1.57) ఘనమూలం, అంటే 2.4 మీటర్లు. పియర్‌కి దాని రెట్టింపు, నీటి మట్టంనుంచి 4.8 మీటర్లు, ఏటి అడుగునుంచి 2.8. డిజైన్‌కి మీ 2 మీటర్ల లోతు నీరు కాదు, అత్యధిక వరద మట్టం దగ్గరి ప్రవాహం తీసుకోవాలి. అది జలవనరుల శాఖ గేజ్ రికార్డుల్లో అడిగి తీసుకోండి.